ఎప్పటికి కావాల?

ఆదోని పార్సిల్ ఆఫీసులో ఒక గుమాస్తా ఉండేవాడు. ఏ మూట తెచ్చినా దాని మీద అరచెయ్యి ఆనించి, "ఎప్పటికి కావాల?" అని అడిగేవాడు.

నా కూతురి రెండో కానుపు ఢిల్లీలోనే. మంచం పట్టిన అత్తను వదిలి నేను పోలేను. బాలింత తినే కాయం చేసి, డబ్బాకెత్తి తీసుకెళ్ళాను. అది అందకపోతే అక్కడ చేసిపెట్టే దిక్కు లేదు.

"విమానానికే వెయ్యప్పా."

"ఎప్పటికి కావాలమ్మా?"

"వచ్చే నెల కానుపు."

"శొంఠి వాసనొస్తాండాది, కాయమేనా? ఊరేకొద్దీ మంచిది గదా! దీనికి రెక్కలెందుకు? లారీలో పోనీ."

ఖర్చు తగ్గినా డబ్బా చేరిందని కబురొచ్చేదాకా నాకు అన్నం సయించలేదు.

పసిబిడ్డతో వచ్చిన కూతురు, "కాయం బలే ఊరిందమ్మా" అంది.

తర్వాత ఎమ్మిగనూరు దుప్పటి పంపడానికి వెళ్ళి, ఆయన అడగకముందే, "లారీ చేరినప్పటికే చాలప్పా" అన్నాను. నవ్వాడు. అయినా చెయ్యి ఆనించే అడిగాడు.