యముడికి పేరు చెప్పిన మా చెల్లెలు

మా చిన్నప్పుడు... హోసూరు బస్టాండు దగ్గర యముడు బన్నులు అమ్మేవాడు.

నవ్వకండి. ఆయన పేరు మునియప్ప. వీధినాటకాల్లో యముడి వేషం కట్టేవాడు. నాటకాలు తగ్గాక అదే కిరీటంతో అంగడి పెట్టాడు. వాకిలి చుట్టూ రేకుతో చేసిన రాక్షసుడి నోరు... లోపల ఎర్ర కాగితం చుట్టిన బల్బు... బన్నును అడ్డంగా కోసి, మధ్యలో మసాలా వడ, పచ్చి ఉల్లిపాయ పెట్టి ఇచ్చేవాడు. ఇప్పుడు దానికే బర్గర్ అని పేరు పెట్టి, రుచి తీసేశారు.

ముందు పేరు చెప్పాలి. బన్ను తయారయ్యాక ఆయన గద నేలకేసి కొట్టి, "ఓయీ ఫలానా! నీ సమయము ఆసన్నమైనది, రమ్ము!" అని గర్జించేవాడు. వణుకుతూ పోయి తెచ్చుకునేవాళ్లం. ఆ వణుకే దానికి కారం.

మా చెల్లెలు కుప్పమ్మ. నా తర్వాత, తనకు ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదని, పుట్టగానే చేటలో పెట్టి చెత్తకుప్ప మీద ఉంచి, మళ్లీ ఎత్తుకొచ్చి ఆ పేరు పెట్టారు. కుప్పలో దొరికినదాన్ని మృత్యువు ముట్టదని నమ్మకం. అసలు పేరు వేరే ఉంది. ఇంట్లో అందరికీ తెలుసు, దానికీ తెలుసు... పైకి మాత్రం అనకూడదు.

ఒక సాయంత్రం అమ్మ మమ్మల్ని మా ఊరు మత్తిగిరి నుంచి ఆ అంగడికి తీసుకుపోయింది. కుప్పమ్మా అని నేను పిలిస్తే, అక్కడున్న పిల్లలు పకపకా నవ్వారు. దానికి రోషం వచ్చింది. యముడు "నీ పేరేమి?" అనగానే అసలు పేరు అరిచి చెప్పింది.

అమ్మ ముఖం పాలిపోయింది. గద నేలను తాకింది. ఆ పేరును మొదటిసారి పైకి పిలిచినవాడు... యముడు.

బన్ను తీసుకోకుండానే అమ్మ మమ్మల్ని లాక్కొచ్చేసింది.

తెల్లారేసరికి కుప్పమ్మ ఒళ్లు పెనంలా కాలుతోంది. డాక్టరు మందిచ్చినా జ్వరం దిగలేదు. అది కలవరిస్తుంటే నేను చెవులు మూసుకునేదాన్ని... ఎవరికి జవాబిస్తోందో అని.

ఇక ఆగలేక అమ్మ అంగడికి పోయింది. నేను వెనకే.

"నా బిడ్డ పేరు నీ కాడ ఉండిపోయింది. తిరిగి ఇచ్చేయప్పా."

"నేను బన్నులు అమ్ముకునేవాణ్ణమ్మా. యముణ్ణి కాదు."

"పిలిచేటప్పుడు యాడికి పోయింది ఈ తెలివి?"

మునియప్ప నవ్వలేదు. పొయ్యి ఆర్పాడు. ఎర్రటి ఎండలో ముఖానికి రంగు పూసుకుని, కిరీటం, గదతో మత్తిగిరి దాకా నడిచి వచ్చాడు. వీధికుక్కలన్నీ వెంటపడ్డాయి. మా గడప బయటే నిలబడి గర్జించాడు.

"ఆ పేరు గలవారు ఈ ఇంట లేరు! ఉన్నది కుప్పమ్మ. కుప్పతో మాకు పని లేదు!"

వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు.

మర్నాటికి జ్వరం దిగింది. మందు ఆలస్యంగా పనిచేసి ఉంటుంది. బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని, అలాగే అనాలి. అమ్మ బతికున్నంత కాలం మాత్రం అనలేదు.

కుప్పమ్మ ఇప్పుడు బేరిగైలో ఉంది. మోకాళ్లు తప్ప అన్నీ బాగున్నాయి. నోరు మరీ బాగుంది.

మొన్న మనవరాలు నన్ను హోసూరులో దయ్యాల బర్గర్ అంగడికి తీసుకుపోయింది. నల్ల గోడలు, ప్లాస్టిక్ పుర్రెలు... అస్థిపంజరం బొమ్మ చొక్కా వేసుకున్న అబ్బాయి పేరడిగాడు. నేను ఆపేలోపే మనవరాలు తన పేరు చెప్పేసింది. కాసేపటికి ఆ పేరు మైకులో మోగింది.

"ఆ పేరుతో ఈడ ఎవరూ లేరప్పా!" అని అరిచాను.

అంగడంతా నా వైపు తిరిగింది.

"అవ్వా, మన బర్గర్ కోసం పిలుస్తా ఉండారు!"

"ఆ పొద్దు కూడా బన్ను కోసమేనే పిలిచింది."

పేరు అడిగేవాళ్లు ఇప్పుడు అడుగడుగునా ఉన్నారు... గడప దాకా నడిచొచ్చి తిరిగి ఇచ్చిపోయే మునియప్పే లేడు.

మీ ఇళ్లలోనూ ఇలా దాచిన పేర్లు ఉన్నాయా? కథ చెప్పండి... పేరు మాత్రం రాయకండి. నేనూ రాయలేదు, గమనించారో లేదో.