కాకి కూడు తిన్న టర్కీ పుంజు

“అమ్మ పోయింది బావా” అని పుంగనూరు నుంచి బామ్మర్ది ఫోను చేశాడు. వెనక నుంచి ఏడుపులు. ప్రతి ఏడుపుకూ పెరట్లోని టర్కీ కోళ్లు మూకుమ్మడిగా గుళగుళమని బదులిస్తున్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియక మదనపల్లె బస్టాండులో నిలబడిపోయాను. మా మేనత్త ఉన్నప్పుడు కూడా ఆ ఇంట్లో నా పరిస్థితి ఇదే.

కుప్పం సంతలో నాటుకోడి పిల్లలనుకుని కొనిందామె వాటిని. తీరా పెరిగేసరికి బోడి మెడలు, ముక్కు మీద తొండంలా వేలాడే కండ. దరిద్రపు పక్షులని వీధంతా ముఖం చిట్లించింది. కుక్కపిల్ల పుట్టినరోజుకు కేకు కోయడం నాగరికతట, టర్కీకి నూకలు వేయడం పిచ్చట! ఎవరండీ ఈ ధర్మశాస్త్రం రాసింది? నేను ఇలా మండిపడితే అత్త మాత్రం వీధివాళ్లతో, “వాటి మొగం వాటిది. మీ మొగాలు సూసి అవేమన్నా అన్నాయా?” అని ఊరుకునేది.

మొదటిసారి ఆ పుంజు తోక విసనకర్రలా విప్పి నా మీదికొస్తే గేటు దాకా పరిగెత్తాను. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న అత్త కేకేసింది. “పరిగెత్తబాక అల్లుడా! పరిగెత్తినోణ్ణి అది తనకన్నా సిన్నోడనుకుంటాది. దాని మొగం ఎర్రబడితే కొట్లాట. నీలంగా మారితే పెట్టల ముందర కులుకు. సూసుకోని నడువు.”

హారనైనా, పటాకులైనా, గట్టి శబ్దం వింటే చాలు, అన్నీ కలిసి అరుస్తాయి. హేతువాదినైన నేను పెరట్లో జ్యోతిష్కుల మీద దుమ్మెత్తిపోస్తుంటే వాక్యానికొకసారి అరిచేవి. “నీ మాటకు ఇంతమంది ఔననేది ఈడొక్కచోటే అల్లుడా” అనేది అత్త.

అత్త దినం నాటికి బామ్మర్ది కత్తి నూరించి పెట్టాడు. బంధువుల భోజనంలోకి పుంజట! తల్లి పెంచుకున్న ప్రాణాన్ని తల్లి పేరుతోనే తింటారా అని లేచాను.

“నేను కుప్పంలో ఉద్యోగం చేస్తాండాను బావా. యాడ పెట్టేది వీటిని? నీ మిద్దె మీద పెట్టుకుంటావా?”

పై అంతస్తులో అద్దెకుండే మనిషిని. లేచినవాణ్ణి లేచినట్టే కూర్చున్నాను.

కాకికి ఇస్తరి వేశారు. అత్తకు ఇష్టమైన వడ, అనపగింజల పులుసు, అన్నం. కాకి ముడితే పోయినవాళ్లు వచ్చి తిన్నట్టు. ఈ కాకి తంతు మీద నేను రాయని రాత లేదు. గోడ మీద కాకి వాలనే వాలింది. అంతలో పుంజు ముఖం ఎర్రబడింది. రెక్కలు నేలకు రాస్తూ దూసుకొచ్చి కాకిని తరిమేసి, అందరూ చూస్తుండగా వడ తినేసింది.

పెద్దాయనొకడు గొంతు సవరించుకుని, “కాకే గావాల్నా ఏంది? దీనికీ రెక్కలుండాయి గదప్పా” అన్నాడు. వెంటనే తలలన్నీ నా వైపు తిరిగాయి.

హేతువాదం గొంతు దాకా వచ్చింది. కత్తి వైపు చూశాను. వాదం దేనికండీ, ఒక ప్రాణం నిలబెట్టలేకపోతే?

“అత్తే వచ్చి తినింది. ఇంగ దాన్ని కోస్తే మహాపాపం” అన్నాను, పంచాంగం చెప్పేవాడిలా.

ఆడవాళ్లు చెంపలు వేసుకున్నారు. దరిద్రపు పక్షులన్న పక్కింటావిడ రోజూ నూకలు తానే వేస్తానని ముందుకొచ్చింది. బామ్మర్ది ఎప్పుడు పక్కన పెట్టాడో గానీ, చేతిలో కత్తి లేదు. ఇస్తరి ముందు గొంతుక్కూర్చుని, ముక్కు తుడుచుకుని, పుంజును మెల్లగా అడిగాడు:

“ఇంగో వడ వేసేదామ్మా?”

పుంజు మెడ పక్కకు వంచి, ఒంటికన్నుతో అతన్ని చాలాసేపు చూసింది.