కొండ వైపు తల

కొత్త రాతి బల్లల మీద ఎవరికీ ఒళ్ళు పట్టనని మెన్ రస్తి చెప్పిందన్న వార్త నాకు మొదట సంతలో తెలిసింది. పొగరని కొందరు, వయసు మీదపడి సాకులు వెతుకుతోందని మరికొందరు అన్నారు. రెండు మాటలకూ ఎవరూ ఆధారం చూపలేదు. నాకు తెలిసినంతవరకు ఆమె పొగరుబోతు కాదు. ఆమె చేతుల్లో బలం తగ్గిందన్న ఫిర్యాదు కూడా ఎన్నడూ వినలేదు.

ఆమె పుట్టింది మా కొండలకు ఆవల, బాలి ఉత్తరపు ఒడ్డున. పెళ్ళయి దక్షిణాన ఉన్న మా ఊరికి వచ్చింది. కూతురు రస్తి పుట్టిన నాటి నుంచి ఊరందరికీ ఆమె రస్తి తల్లి, మెన్ రస్తి. బాలింతలకు ఒళ్ళు పట్టే విద్య అత్తగారి దగ్గర నేర్చుకుంది. గుస్తి అలిత్ వెదురు పాకలో స్పా తెరిచినప్పుడు మొదట పిలిచింది ఆమెనే. ఒకసారి వచ్చిన అతిథి రెండోసారి వస్తే ఆమె పేరే అడిగేవారు.

అలా తిరిగి వచ్చేవారిలో పక్క ద్వీపంలోని సురబాయా నుంచి వచ్చే నలుగురు స్నేహితురాళ్ళున్నారు. ఒకే ఆసుపత్రిలో నర్సులుగా పనిచేసి విరమించినవారు. ఉదయం గుళ్ళు, ఊట నీళ్ళ కోవెలలో స్నానం. మధ్యాహ్నం మెన్ రస్తి చేతి కింద విశ్రాంతి. సాయంత్రం ఏమీ చేయకుండా కూర్చోవడం. అంతకుమించి ఈ ద్వీపం నుంచి వారు కోరుకున్నది లేదు. ఈ ఏడు వారు మళ్ళీ దిగేసరికి వెదురు పాక పోయి రాతి భవనం లేచింది. ఆ బల్లల దగ్గరికి మెన్ రస్తి రానంటోంది.

ఊరి తగవుల్లో నా మాట కాస్త చెల్లుతుంది కనుక గుస్తి అలిత్ నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, మీరే చెప్పండి. అతిథులు వచ్చి కూర్చున్నారు. ఈవిడేమో చెయ్యి ఆడదంటుంది. ఈరోజు మధ్యాహ్నం పని చేస్తే సరే, లేదంటే రేపటినుంచి రానక్కర్లేదని చెప్పేశాను."

"కారణం చెప్పిందా?"

"కారణమేముంది! బల్లలు తల్లకిందులట."

"తల్లకిందులేనా?"

"మీరే వచ్చి చూసుకోండి," అన్నాడు.

వెళ్ళి చూశాను. బల్లలు నేలలో పాతేసి ఉన్నాయి, కదిలే రకం కావు. ముఖం పెట్టుకునే గుండ్రటి రంధ్రాలు సముద్రం వైపు, కాళ్ళు కొండ వైపు. దేవతలుండే దిక్కుకు కాళ్ళు చాపి మా ఊళ్ళో పసిపిల్లను కూడా పడుకోబెట్టరు. గుస్తి అలిత్ ఇంట్లో మంచాలన్నీ నేను చూసినవే. ఒక్కటీ ఇలా లేదు.

"నేనే కావాలని కట్టించాను," అన్నాడతను. "అటు లోయ ఉంది. అతిథులకు లోయ కనబడాలి కదా! అయినా ఇది నిద్ర కాదు మాస్టారూ, వైద్యం. నిద్రకే కదా ఆ నియమం?"

రెండో వాదనను తేలికగా తోసిపుచ్చలేం. మొదటిది మాత్రం నిలవదు. బోర్లా పడుకున్న మనిషికి ఆ రంధ్రంలోంచి కనబడేది కింద పెట్టిన పూలగిన్నె ఒక్కటే. మరి ఇంత జాగ్రత్తపరుడు ఇంత తప్పు ఎలా చేయించాడు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నేను వెళ్ళేసరికి మెన్ రస్తి తన ఇంటి అరుగు మీద కూర్చుని నైవేద్యానికి కొబ్బరాకు దొన్నెలు అల్లుతోంది.

"తప్పు ఎవరిదమ్మా?" అని అడిగాను.

"బల్లలది."

"బల్లలు తమంతట తామే కట్టుకున్నాయా?"

"మీరు బడిలో కూడా ఇలాగే అడిగేవారట. మా రస్తి చెప్పేది, నిజం చెప్పేదాకా కూర్చోనిచ్చేవారు కారని."

"నువ్వు కూర్చునే ఉన్నావుగా, చెప్పు."

ఆమె నవ్వింది కానీ చెప్పలేదు. దారి మార్చి, ఈ ఊరికి కాపురానికి వచ్చిన మొదటి రోజుల గురించి అడిగాను. దొన్నె పక్కన పెట్టింది.

"వచ్చిన మొదటి మధ్యాహ్నం అలసిపోయి పడుకున్నానండీ. లేచి చూస్తే దిండు నా కాళ్ళ దగ్గరుంది. అత్తయ్య తిప్పి పెట్టింది, ఒక్క మాట అనలేదు. మా ఒడ్డున పొద్దున ఎండ ఎడమ బుగ్గ మీద పడితే ఎదురుగా కొండ. ఇక్కడ కుడి బుగ్గ మీద పడాలి. ఒంటికి ఆ సంగతి తెలియడానికి చాలాకాలం పట్టింది. ఇప్పటికీ కొత్త గదిలోకి అడుగుపెడితే ముందు కొండ ఎటుందో చూసుకుంటా."

అప్పుడు నాకొక సంగతి గుర్తొచ్చింది. స్పా కట్టిన తాపీమేస్త్రి పాన్ కెర్తి కూడా ఉత్తరం వాడే.

భవనం వెనక గోడకు పూత వేస్తున్నాడతను. పనిమంతుడు, గోడలో ఎక్కడా వంకర లేదు. నేను బల్లల మాట ఎత్తగానే తాపీ కింద పెట్టేశాడు.

"వానల్లో వచ్చాను మాస్టారూ. లారీ మీద టార్పాలిన్ కప్పుకుని కొండ దాటాను. పని మొదలైనన్నాళ్ళూ మబ్బు కొండ మీదే కూర్చుంది. పొద్దున కాసేపు ఎండ వచ్చేది, అంతే. ఎండను ఎడమ చేతికి పెట్టుకుని నిలబడి కొలతలు తీశాను. మా ఊళ్ళో అయితే కళ్ళు మూసుకుని చేసే పని."

"కాలువ నీళ్ళు చూడలేదా? నీళ్ళు కొండ నుంచే కదా వస్తాయి."

"చూడాల్సింది. తెలుసనుకున్నాను, అందుకే చూడలేదు. మబ్బు విడిచాక చూద్దును కదా, కొండ నా వీపు వెనకుంది."

"యజమానికి చెప్పలేదే?"

"ఆయనకు తెలుసో తెలియదో కూడా నాకు తెలియదు. అతిథుల ముందు, 'లోయ కోసం ఇలా కట్టించాను' అంటుంటే విన్నాను. ఇంకెలా చెప్పను? కొండ తెలియని మేస్త్రి అన్న పేరు పడితే కొండకు ఇటూ అటూ నాకు పని ఉండదు. మెన్ రస్తి అక్క ఒకరోజు వచ్చి నేను నిలబడ్డ తీరు చూసి వెళ్ళిపోయింది. అప్పటికే బల్లలు పాతేశాను. తప్పు నాదని ఆమెకు అప్పటినుంచీ తెలుసు."

ఆమె మౌనానికి అర్థం దొరికింది. తన పని పోతుందని తెలిసీ అతని పేరు బయటపెట్టలేదు. అయితే సానుభూతితో తీర్పు చెప్పలేం. ఒళ్ళు పట్టించుకోవడం నిద్ర అవునా కాదా అన్నది తేలాలి. ఆ మధ్యాహ్నం యజమానినీ మెన్ రస్తినీ స్పాలోనే కూర్చోబెట్టాను. అతిథులు ఊట నీళ్ళ కోవెల నుంచి ఇంకా రాలేదు.

"నిద్రపోయేవాళ్ళు పోతారేమో, నాకు మాత్రం నిద్ర పట్టదు," అన్నాడు గుస్తి అలిత్. "కావాలంటే నేనే పడుకుంటా. పట్టమనండి."

"ఆ బల్ల మీద పట్టనన్నావుగా?" అన్నాను మెన్ రస్తితో.

"ఈయనకు పడతాను," అందామె. "కొండ ఎటుందో తెలిసే పడుకుంటున్నారు. అతిథులకు తెలియదు కదండీ. నన్ను నమ్మి కళ్ళు మూసుకుంటారు."

ఈ ఒక్క మాటలో ఉన్నంత కారణం నాకు ఊళ్ళో ఎవరి మాటల్లోనూ దొరకలేదు.

గుస్తి అలిత్ బోర్లా పడుకున్నాడు. కాసేపు ధాన్యం ధరల గురించి మాట్లాడాడు. మెన్ రస్తి అరచేతులు అతని నడుము నుంచి భుజాలకు, భుజాల నుంచి మెడకు చేరాయి. మాట మధ్యలో తెగిపోయింది. రంధ్రంలోంచి పూలగిన్నె మీదికి గురక మొదలైంది.

ఇంతలో నలుగురు స్నేహితురాళ్ళూ తడి జుట్టుతో వచ్చారు. వారిలో పెద్దావిడ బు హార్యాతి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమే, మన గదిలో బర్రెను కట్టేశారా?"

"ఉష్! యజమానే," అంది వెనక నుంచి ఇంకొకావిడ.

"అయితే మంచి గదే! యజమాని కూడా లేవలేకపోతున్నాడు."

ఆ నవ్వులకు గుస్తి అలిత్ మేలుకున్నాడు. అప్పుడు అతను చేసింది నేను జాగ్రత్తగా గమనించాను. తల ఎత్తకముందే, ఎవరు నవ్వుతున్నారో చూడకముందే, రెండు కాళ్ళూ చటుక్కున కడుపులోకి ముడుచుకున్నాడు. తర్వాతే కళ్ళు నులుముకున్నాడు. గదిలో మా ఊరివాళ్ళం ముగ్గురం. ముగ్గురికీ ఆ కదలిక అర్థమైంది. ఇక నేను తీర్పు చెప్పవలసిన అవసరం లేకపోయింది.

"బయట పెద్ద పందిట్లో చాపలు వేయించండి," అన్నాడు పంచె సర్దుకుంటూ. "ఈ అమ్మలకు అక్కడే. మెన్ రస్తే పడుతుంది."

"చాపల మీదా? మొదటిసారి వచ్చినప్పటిలాగే!" అంది బు హార్యాతి సంబరంగా. "ఈ రాళ్ళు చూసి భయపడ్డానమ్మా, శవాల గదిలా ఉంది. నర్సుగా చేసినదాన్ని, నాకు తెలుసు."

గుస్తి అలిత్ నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. "ఇది ఆ మేస్త్రి పని కదూ, మాస్టారూ? నాకు ముందే అనుమానం."

"లోయ కోసం నేనే కట్టించానన్నావు. ఆ మాట మీదే నిలబడు. ఇప్పుడు లోయ వద్దనుకున్నావు, తిప్పి కట్టమని అతనికే చెప్పు."

చివరికి అతను ఒప్పుకున్నాడు. తన అబద్ధం తానే మోయడం అతనికి న్యాయమైన శిక్షే అని నా అభిప్రాయం.

మర్నాడు పాన్ కెర్తి సుత్తితో మొదటి బల్ల పగలగొడుతుంటే మెన్ రస్తి కాఫీ పట్టుకెళ్ళింది. అతను తలెత్తలేదు.

"అక్కా, నా మూలంగా నీ పని పోయేది."

"మా అత్తయ్య నా దిండు తిప్పిననాడు ఎవరితోనైనా చెప్పి ఉంటే నేను ఈ ఊళ్ళో తలెత్తుకు తిరిగేదాన్నా? తాగు, చల్లారిపోతుంది."

అతను గ్లాసు అందుకున్నాడు. తాగి, లేచి నిలబడి, కొత్త గుర్తు గీసేముందు బయటికి నడిచి, కాలువలో నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో చూసి వచ్చాడు. పందిట్లో నలుగురు స్నేహితురాళ్ళూ కొండ వైపు తలలు పెట్టి, ఆ సంగతే తెలియకుండా నిద్రపోతున్నారు.