సంత వేళకి దిబ్బ మీద ఆడవాళ్ళు

1968లో నేను శ్రీకూర్మానికి తూర్పున, సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న రేవులో సిగ్నల్ గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఓడలు రావడం అప్పటికే బాగా తగ్గిపోయింది. ఆఫీసంటే రెండు గదుల పెంకుటిల్లు, దాని ముందు ఒక సిగ్నల్ మాస్ట్. మాస్ట్ అంటే తాడు, కప్పీ అమర్చిన పొడుగాటి స్తంభం. తుపాను హెచ్చరికతో టెలిగ్రాం వస్తే, అందులో చెప్పిన నంబరు ప్రకారం నల్ల కాన్వాసు చుట్టిన కోన్లనో డ్రమ్ములనో ఆ స్తంభానికి ఎగరేయాలి. ఆ టెలిగ్రాంని తెలుగులో రాసి పక్కనున్న జాలరిపల్లెలో చదివి వినిపించాలి.

నేను విజయనగరంలో చదువుకున్నవాణ్ణి. మంచి తెలుగు రాస్తానని కాస్త గర్వం కూడా ఉండేది. ‘పశ్చిమ మధ్య బంగాళాఖాతమున ఏర్పడిన వాయుగుండము వాయవ్య దిశగా పయనించుచున్నది’ అని నేను చదువుతుంటే జాలర్లు మర్యాదగా నిలబడి విని, తరవాత వలలు బాగుచేసుకోవడంలో పడిపోయేవారు. ఆ ఏడు అప్పటికే మూడుసార్లు సిగ్నల్ ఎగరేశాను. మూడుసార్లూ గాలివాన మా రేవుని తాకకుండా ఉత్తరం వైపు పోయింది.

అక్టోబరు నెలాఖరులో ఒక సంత రోజు. ఎనిమిదిన్నరకి టెలిగ్రాం వచ్చింది. ఈసారి వాయుగుండం మా తీరం వైపే వస్తోంది, వేగంగా వస్తోంది. బయట చూస్తే ఆకాశం నిర్మలంగా ఉంది, ఎండ కాస్తోంది. తెప్పలన్నీ తెల్లవారకముందే సముద్రం మీదికి వెళ్ళిపోయాయి. నాలుగు దుంగలు కట్టిన తెప్పలు అవి. ముప్పై ఏడు తెప్పలు, ఒక్కోదాని మీద ఇద్దరో ముగ్గురో మనుషులు.

మాస్ట్‌కి కోన్ ఎగరేసి కిందికి చూశాను. ఎండుచేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు సంతకి బయల్దేరుతున్నారు. పరిగెత్తుకెళ్ళి అడ్డంగా నిలబడి కాగితం చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలైనా పూర్తి కాలేదు.

“మొన్న కూడా ఆ బుట్ట కట్టినావు గదా బాబూ! ఏటొచ్చినాది?” అని ఒకామె నవ్వింది. మిగతావాళ్ళు నడక ఆపలేదు.

వాళ్ళలో పెద్దావిడ పోలమ్మ. అరవై దాటి ఉంటాయి. ఆమె తమ్ముడు, ఇద్దరు కొడుకులు ఆ పూట సముద్రం మీదే ఉన్నారు. ఆమె ఒక్కతే ఆగి గంప దించింది.

“ఆ కాయితం ముడిసీ. నానడిగిందానికి సెప్పు. ఎటునుంచి వస్తాది?”

“ఆగ్నేయం... అదే, ఈ మూల నుంచి,” అని చేయి చూపించాను.

“ఎప్పుడొస్తాది? పొద్దు గూకే లోపలా, గూకినాకా?”

“గూకే లోపలే గాలి మొదలవుతుంది.”

“మొన్న మూడుసార్లు రానేదు. ఈసారి వస్తాదని నీకెలగ తెలుసు?”

ఇలాంటి ప్రశ్నకి ఏం చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు. “కచ్చితంగా తెలీదమ్మా. ఇది కూడా తప్పుకోవచ్చు. కానీ అవి మనకి దూరంగా ఉండగానే పక్కకి తిరిగాయి. ఇది తిరగలేదు,” అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. “నీ తోడబుట్టినోడు సముద్రం మీదున్నాడనుకో. నువ్వేటి సేస్తావు?”

“ఇప్పుడే వెనక్కి పిలుస్తాను.”

అంతే. పోలమ్మ వెనక్కి తిరిగి ఒక కేక వేసింది. “ఒసే! గంపలు దించండే! ఎవులూ సంతకెల్లొద్దు. దిబ్బెక్కండి!”

నా కాగితానికి ఆగని వాళ్ళు ఆ కేకకి ఆగిపోయారు. అరగంటలో ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళందరూ ఎత్తైన ఇసుకదిబ్బ మీదికి చేరారు. పచ్చి సరుగుడు కొమ్మలు పోగేసి నిప్పు పెట్టారు. పొగ దట్టంగా లేచింది. అందరూ సముద్రం వైపు తిరిగి, చేతికి చేయి తగిలేలా బారుగా నిలబడ్డారు. ఎవరూ కేకలు పెట్టలేదు. అంత దూరం కేకలు వినిపించవని వాళ్ళకి తెలుసు. పసిపిల్లల్ని చంకనేసుకుని, ఎర్రవీ నల్లవీ చీర కొంగులు గాలికి వదిలి, ఊరికే నిలబడ్డారు.

నేను ఆఫీసు బైనాక్యులర్స్‌తో చూస్తున్నాను. చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత అన్నిటికన్నా దగ్గరగా ఉన్న తెప్ప తెరచాప తిరిగింది. అందులో మనిషి లేచి నిలబడి తెడ్డుకి తలగుడ్డ కట్టి పైకెత్తాడు. దాని అవతల తెప్ప తిరిగింది. అక్కడా ఒక తెడ్డు లేచింది. దాని అవతల ఇంకొకటి. బైనాక్యులర్స్‌కి ఆనే చివరి చుక్క వరకూ, ఒకదాన్ని చూసి ఒకటి, ముప్పై ఏడు తెరచాపలూ ఒడ్డు వైపు తిరిగాయి. కంటికి కనపడని దూరానికి ఒక మాట నడిచి వెళ్ళడం నేను ఆ రోజు కళ్ళారా చూశాను.

మూడు గంటలకి ఆకాశం మసకబారింది. నాలుగింటికి గాలి అందుకుంది. చివరి తెప్ప ఒడ్డు దగ్గర కెరటాల్లో విరిగి దుంగలు చెదిరిపోయాయి. అందులో ఉన్న ముగ్గురూ ఈదుకుంటూ వచ్చారు. వాళ్ళలో పోలమ్మ చిన్నకొడుకు ఉన్నాడు. ఆమె నడుంలోతు నీళ్ళలోకి దిగి వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఒడ్డున పడేశాక గానీ ఏడవలేదు. పొద్దుగూకాక వచ్చిన గాలికి పల్లెలో పాకలు సగం నేలకూలాయి. మనిషి మాత్రం ఒక్కడూ పోలేదు.

మూడో రోజు వాన తెరిపిచ్చాక అందరికన్నా ముందు తెరచాప తిప్పిన పోలమ్మ తమ్ముడు అప్పన్నని అడిగాను, “సముద్రం మీద మీకు నా సిగ్నల్ కనపడిందా?” అని.

“నీ బుట్టా? నేదు బాబూ. పొగ అగుపడ్డాది. ఎవులో ఏటో కాలుస్తన్నారనుకున్నాం. సూద్దుమని కొంచిం ఇటొచ్చినాం. సూస్తే దిబ్బ నిండా ఆడోల్లు! ఆ ఏలకి ఆల్లు సంతకాడుండాల. సంతకెల్లకుండా ఆడోల్లు నిలబడ్డారంటే పేనం మీదకొచ్చిందనే గదా. ఇంకెవులు సెప్పాల?”

ఎవరు ఏ వేళకి ఎక్కడ ఉంటారో ఆ పల్లెలో అందరికీ తెలుసు. పోలమ్మ ఆ తెలిసినదాన్నే కొంచెం మార్చింది. సముద్రం మీద మగవాళ్ళు చదువుకోగలిగిన అక్షరం అదొక్కటే.

ఆ తరవాత ముప్పై ఏళ్ళు రకరకాల రేవుల్లో పనిచేశాను. కొత్త చోటికి వెళ్ళగానే అక్కడివాళ్ళు పొద్దున్న లేచి ఎటు చూస్తారో, ఎవరి మాటకి ఆగుతారో ముందు కనుక్కునేవాణ్ణి. హెచ్చరిక చెప్పాల్సి వచ్చినప్పుడు కాగితం జేబులో పెట్టుకుని, వాళ్ళు అడిగేదాకా ఆగి, తెలిసింది తెలుసనీ తెలియనిది తెలియదనీ చెప్పేవాణ్ణి. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. గంప దించి నాలుగు ప్రశ్నలడిగిన ఒక పెద్దావిడ దగ్గర, ఒక్క పూటలో నేర్చుకున్న పని ఇది.