చిన్న కారు వెనక కటింగ్ మిషను

మా అక్క మొగుడు పుస్తకాలు బైండు చేసేవాడు. నేను వాటిని చదివేవాణ్ణి. ఇద్దరికీ ప్రాణం పుస్తకమే కాబట్టి మా ఇద్దరికీ పడుతుందని అక్క నమ్మకం. పడేది కూడా, ఒక మధ్యాహ్నం వరకు.

బావకు ఒక తమ్ముడు. నేను చిన్నబావ అనేవాణ్ణి. ఇద్దరూ తండ్రి వదిలిపోయిన బైండింగు షాపులోనే పెరిగారు. ఆర్డర్లు తెచ్చేదీ, వ్యానులో సరుకు చేరవేసేదీ చిన్నబావ. కుట్టడం, జిగురు రాయడం, అట్ట వేయడం, అంచులు కోయడం బావ పని. అంచులు కోసే మిషను షాపు మధ్యలో ఉండేది. పోత ఇనుముది, నాలుగు వందల కిలోలు. పక్కనున్న పెద్ద చక్రం తిప్పితే బ్లేడు మెల్లగా దిగేది. కోసిన అంచు మీద వేలు ఆనిస్తే గాజును తాకినట్టుండేది. కొత్తగా వచ్చినవాళ్ళ చేత బావ తప్పకుండా అలా వేలు పెట్టించేవాడు.

యాభై దాటాక అన్నదమ్ములకు చెడింది. "ఈ రోజుల్లో కుట్టు బైండింగు ఎవడికి కావాలి, అన్నీ స్పైరల్ వేసి పారేద్దాం" అంటాడు తమ్ముడు. "పారేసేదానికి బైండింగు ఎందుకురా" అంటాడు అన్న. చివరికి షాపు, వ్యాను తమ్ముడికి వదిలేసి బావ మిషను ఒక్కటే అడిగాడు. చిన్నబావ సరేనంటూనే మెలిక పెట్టాడు.

"తీసుకుపో అన్నయ్యా, నాకేం అడ్డం. ఆదివారం దాటకుండా నీ సొంత బండి మీద తీసుకుపో. నా వ్యాను మీద చెయ్యి పడిందో, మిషను మళ్ళీ నాదే."

"నీ వ్యాను మొహం ఎవడు చూడొచ్చాడురా."

"మరి దేనిమీద? ఆ అగ్గిపెట్టె మీదా?"

అగ్గిపెట్టె అంటే బావ కారు. ఎవరో వాడి అమ్మేసిన చిన్న హైబ్రిడ్ కారు, రెండే సీట్లు, గేర్లు చేత్తో మార్చాలి. పల్లంలో దిగేటప్పుడు దాని బ్యాటరీ నిండుతుంది. ఎక్కేటప్పుడు ఆ బ్యాటరీతో తిరిగే మోటారు ఇంజనుకు భుజం కలుపుతుంది. బ్యాటరీలో ఎంత ఉందో స్టీరింగు ముందున్న పచ్చగీతలు చూపిస్తాయి. బావ రోడ్డు కంటే ఆ గీతలే ఎక్కువ చూస్తాడని అక్క దెప్పేది.

"లారీ మాట్లాడుకుందాం బావా" అన్నాను.

"సొంత బండి అన్నాడుగా వాడు. లారీ తెస్తే మళ్ళీ దానికో పేచీ. నాకు ఓపిక లేదు బామ్మర్దీ."

వెల్డర్ దగ్గరికి పోయి కారు కింద కొక్కెం వేయించాడు. రెండు చక్రాల ట్రైలర్ ఒకటి తెచ్చాడు. వెల్డర్ కారు చుట్టూ తిరిగి, "దీంతో ఏం లాగుతావయ్యా, పెళ్ళికూతురి పెట్టెలా?" అన్నాడు. బావ నవ్వలేదు.

బావ కొత్తగా తీసుకున్న గది మిట్టకు అవతల ఉంది. ఆయన పద్ధతి ఆయనది. మిషను ఎంత బరువో అంతకు సరిగ్గా కాగితం కట్టలు లెక్కపెట్టి ట్రైలర్‌లో వేసి, మూడు రోజులు తెల్లవారుజామున ఆ మిట్ట ఎక్కి చూశాడు. వంతెన దాకా పల్లం, బ్యాటరీ నిండుతుంది. అక్కణ్ణుంచి ఆగకుండా రెండో గేరులో ఎక్కాలి. మూడుసార్లూ ఎక్కింది. పైకి చేరేసరికి రెండు గీతలు మిగిలాయని అక్కతో చెబుతుంటే ఆయన మొహంలో వెలుగు నాకింకా గుర్తే.

ఆదివారం నేను తోడు వెళ్ళాను. కూలీల చేత మిషనును ట్రైలర్ మీదికి ఎక్కించేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కాగితంతో వెళ్ళింది చల్లటి ఖాళీ రోడ్డు మీద. ఇప్పుడు ఎండకు కారు కాలిపోతోంది, రోడ్డు నిండా బండ్లు. వంతెన దాటి మిట్ట మొదలవగానే ఇటుకల ట్రాక్టరు ఒకటి ముందుకొచ్చి నత్తలా పాకింది. బావ ఆగాల్సి వచ్చింది. మళ్ళీ కదిలించడానికి క్లచ్ మీద కాలు సగం పైకి, సగం కిందికి. కారు నిండా మాడు వాసన. పచ్చగీతలు ఒక్కొక్కటే ఆరిపోయి, సగం మిట్టలో ఒక్కటి మిగిలింది. అక్కడ ఇంజను చేతులెత్తేసింది.

ట్రైలర్ చక్రాల వెనక బండరాళ్ళు పెట్టాం. బావ కంగారు పడలేదు.

"క్లచ్ చల్లారనీ, ఒక గంట. ఈలోగా చక్రం, బ్లేడు విప్పి పక్కన దించేద్దాం. బరువు మూడో వంతు తగ్గుతుంది. రెండు ట్రిప్పులు కొడితే సరి."

బ్లేడు విప్పి గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టాడు. చక్రం బిగింపు వదులు చేశాడు కానీ ఊడి రాలేదు. పెద్ద రెంచి కావాలన్నాడు. మిట్ట మీద మెకానిక్ ఉన్నాడని నడిచి వెళ్ళాడు. "గంటే కదా, కూర్చో" అన్నాడు వెళ్తూ.

కూర్చున్నాను. లారీలు పక్కనే రాసుకుపోతున్నాయి. లారీ పోయినప్పుడల్లా ట్రైలర్ కిర్రుమనేది. ఒక రాయి వేలెడు జరిగినట్టు అనిపించింది. జరిగిందో లేదో ఈనాటికీ చెప్పలేను. మిషను వెనక్కి దొర్లి కింద ఎవరి మీదో పడ్డట్టు కళ్ళముందు కనిపించింది. చిన్నబావ పెట్టిన మెలిక నాకు గుర్తులేకపోలేదు. కోపంలో అన్న మాటలే, తోడబుట్టినవాడు కదా అని సర్దిచెప్పుకుని ఆయనకే ఫోన్ చేశాను.

పావుగంటలో వ్యాను వచ్చింది. చిన్నబావ దిగాడు. కారు కొక్కెం నుంచి ట్రైలర్ విప్పి, వ్యాను వెనక బిగించి కట్టాడు. అప్పుడు బావ రెంచి పట్టుకుని దిగి వస్తున్నాడు. దూరం నుంచే చూశాడు. నడక మాత్రం తగ్గించలేదు, పెంచలేదు.

"నేను పిలవలేదు అన్నయ్యా, నీ బామ్మర్దే పిలిచాడు" అన్నాడు చిన్నబావ. "మాట మాటే కదా మరి."

"రాయి జరిగింది బావా" అన్నాను.

బావ వంగి రాళ్ళను చూశాడు. నన్ను చూడలేదు. మిషను దగ్గరికెళ్ళి, తాను వదులు చేసిన చక్రాన్ని ఆ తెచ్చిన రెంచితోనే మళ్ళీ బిగించాడు. నా ఒళ్ళోని బ్లేడు తీసి తమ్ముడి చేతికిచ్చాడు.

"నిన్ననే సాన పెట్టించాను. చెయ్యి జాగ్రత్త."

మిషను వెనక్కి, షాపుకే పోయింది. స్పైరల్ పనికి దాని అవసరం లేదు. మూల పడేసి పైన డబ్బాలు పేర్చారు. గంట తర్వాత కారు దానంతటదే మిట్ట ఎక్కింది, ఒట్టి ట్రైలరుకు కూడా నోచుకోకుండా. బావ ఆ గదిలో పద్నాలుగేళ్ళు చేతికత్తితో అంచులు కోశాడు. ఒక పుస్తకానికి ముప్పావుగంట. కారు కింద కొక్కెం తుప్పు పట్టింది కానీ తీయించలేదు.

నాతో మాట్లాడటం మానలేదు. ఇంటికొస్తే భోజనం చేయకుండా పోనిచ్చేవాడు కాదు. నా పుస్తకాలూ బైండు చేసేవాడు, గట్టి కుట్టు, మంచి అట్ట. అంచులు మాత్రం కోసేవాడు కాదు. ఆ పుస్తకాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి, పేజీలు ఎగుడుదిగుడుగా. ఒకసారి ఆయన బల్ల మీద వేరేవాళ్ళ పుస్తకాలు నున్నగా కోసి ఉండటం చూసి ఆపుకోలేక అడిగాను.

"వాళ్ళవి కోశావు, నావి కోయవేం బావా?"

సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండానే చెప్పాడు.

"టైం పడుతుంది కదా. వాళ్ళు ఆగుతారు."