అయిపాయ సారు

రాఘవేంద్రప్రసాద్ గారికున్న జబ్బు ఒక్కటే. ఏ పనైనా మొదలుకాక ముందే అది చెడిపోయిందని ప్రకటించేస్తారు. మబ్బు పడితే వాన రాదంటారు. వాన వస్తే శనక్కాయ కుళ్ళుతుందంటారు. "అయిపాయ" అన్నది ఆయన ఊతపదం. ఆయన పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర అసలు పేరు చెబితే ఎవరికీ తెలియదు. అయిపాయ సారు అంటే మాత్రం నేరుగా కంట్రోల్ రూముకు తీసుకెళ్ళి కూర్చోబెడతారు.

క్యాంటీన్‌లో హులిగెమ్మ ఉప్మా వడ్డించగానే, "అయిపాయ, ఉప్పు ఎక్కువయింటాది" అంటారు. తింటారు. మళ్ళీ పెట్టించుకుంటారు. కోసిగి నుంచి వచ్చిన ఆపరేటర్ ఈరేష్ పెళ్ళిపత్రిక ఇస్తే, "అయిపాయప్పా! ఆ పిల్ల మంచిదేలే, నువ్వే సరిగా చూసుకోవు" అని దీవించారు.

అందరూ నవ్వుకునేవారు గానీ, రమ్యశ్రీకి నవ్వు వచ్చేది కాదు. ఆమెది మైదుకూరు, పసుపు కొట్టు వాళ్ళమ్మాయి. ఆడపిల్లకు ఫ్యాక్టరీ ఉద్యోగమేమిటని ఇంటిల్లిపాదీ అడ్డుపడితే పోట్లాడి మరీ ఆయన కింద ఇంజనీరుగా చేరింది. ప్రొబేషన్ ఆ నెలతో ముగుస్తుంది. చేతిలో ఉన్న పని కుదిరితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్ళీ పసుపు కొట్టే.

పని చెప్పుకోవడానికి చిన్నదే. కిల్న్ అంటే సిమెంటు రాయిని కాల్చే పెద్ద గొట్టపు కొలిమి. కాలిన రాయిని చల్లార్చేది కూలర్. కిల్న్‌ను నడిపే పాత కంట్రోలరు దాని వేడి, వేగం వగైరా అంకెలను వరుసగా గళ్ళలో పెడుతుంది. కూలర్‌కు కొత్తగా తెచ్చిన కంట్రోలరు కేబుల్ గుండా ఆ గళ్ళను చదువుకుని ఫ్యాన్లు తిప్పాలి. ఏ గడిలో ఏముందో కొత్తదానికి చెప్పడమే రమ్యశ్రీ పని.

ట్రయల్‌కు ముందు మీటింగులో ప్లాంట్ మేనేజర్ సుధీర్ అడిగాడు. "ఎంతవరకు వచ్చింది?"

రమ్యశ్రీ నోరు తెరిచేలోపే రాఘవేంద్రప్రసాద్ గారు లేచారు. "అయిపాయ సార్! ఆ రెండూ కలిసే రకాలు కావు. నేను చేస్తాండే పని యాడన్నా అయితాదా?"

"మీరా? రమ్యశ్రీ చేయడం లేదూ?"

"నేను చెప్పినట్టే చేస్తాంది సార్. చెడిందంటే నా చేతలే."

బయటికి రాగానే రమ్యశ్రీ నిలదీసింది. "సార్, నేను చేసింది మీరు చేసినట్టు చెప్తారేంది? పైగా చెడిపోయిందంటారు!"

"చెడకుండా ఎట్లుంటాది పాపా? చూస్తాండు."

ఇలాంటి మనిషి కింద పడ్డాక ఇంక తన బతుకు బాగుపడదని ఆమెకు తేలిపోయింది. మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చింది కూడా.

ట్రయల్ రోజు కిల్న్ ఎర్రగా కాగి తిరగడం మొదలుపెట్టిందో లేదో, కంట్రోల్ రూములో అలారాలన్నీ ఒక్కసారిగా మోగాయి. కిల్న్ ఆగిపోయింది. వేడి మీద అది కదలకుండా ఉంటే నడుం వంగిపోతుంది. ఈరేష్ పరుగున పోయి చిన్న మోటారుతో దాన్ని మెల్లగా తిప్పుతూ కాపాడాడు. కొత్త కంట్రోలరు తెర మీద కిల్న్ వేడి సున్నా. వేగమేమో నిమిషానికి వెయ్యి చుట్లు దాటింది! పాపం, అది హడలిపోయి అన్నిటినీ ఆపేసింది.

రమ్యశ్రీకి తప్పు తెలిసిపోయింది. పాతదానిలో మొదటి గడి పేరు "లాభం". వాళ్ళ తాత కొట్లో మొదటి తూకాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. ఆ తర్వాతే రెండు, మూడు. లాభమంటే ఒకటే కదా, మొదటి అంకె అయిన వేడి అందులోనే ఉంటుందని ఆమె రాసేసింది. కానీ ఆ పాత కంట్రోలరును బిగించి ఎప్పుడో రిటైరైన పెద్దసుబ్బయ్య, భక్తి కొద్దీ ఆ గడిని దేవుడికని ఖాళీగా వదిలేశాడు. వేడి రెండో గడిలో ఉంది, కొత్తది దాన్నే వేగమనుకుంది. పరీక్ష చేసినప్పుడు కిల్న్ చల్లగా, కదలకుండా ఉంది కాబట్టి అన్నీ సున్నాలే కనిపించాయి. వేరే ప్రాంతం ఇంజనీరైతే లాభమంటే ఏమిటని ఎవరినైనా అడిగేవాడు. పసుపు కొట్టు పిల్లకు అడగాలనే తోచలేదు.

సుధీర్ ఊగిపోతూ వచ్చాడు. "ఎవరి పని ఇది?"

రాఘవేంద్రప్రసాద్ గారు తాపీగా, "నేను మొన్ననే చెప్పలేదా సార్, అయిపాయని?" అన్నారు.

మేనేజరు కోపం సగంలోనే నీరుగారింది. "మీ నోట ఒక్క మంచి మాట రాదా స్వామీ! సరే, త్వరగా సరిచేయండి" అని వెళ్ళిపోయాడు. రమ్యశ్రీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఈరేష్ ముసిముసిగా నవ్వాడు. "నాకూ అంతే మేడం. పోయినేడు రాళ్ళు మోసే బెల్టు తెంపింది నేను. అది తన చేతిలోనే తెగుతాదని సారు ముందే మీటింగులో చెప్పింటిరి. తెగినాంక నన్ను ఎవురూ అడగల్యా."

రమ్యశ్రీ ఆయన వైపు తిరిగి చూసింది. ఇన్నాళ్ళూ ఈయన్నా తిట్టుకున్నది? ఆయనేమో ప్యానెల్‌లోకి తొంగిచూస్తూ, "ఈ స్క్రూ కూడా అయిపాయ" అని గొణుక్కుంటున్నారు.

రమ్యశ్రీ అంకెలన్నిటినీ ఒక్కో గడి జరిపింది. మళ్ళీ ట్రయల్.

"ఈసారైనా అవుతుందా?" అన్నాడు సుధీర్.

రాఘవేంద్రప్రసాద్ గారు గొంతు సవరించుకున్నారు. రమ్యశ్రీ ఆయనకంటే ముందే అందుకుంది. "అయిపాయ సార్! అంతా నేనే చేసినా. పని చేయదు."

ఆయన ముఖం పాలిపోయింది. "ఏయ్! చేస్తాది సార్! ఎందుకు చేయదు? శానా బాగా చేసింది ఆ పాప! బ్రహ్మాండంగా తిరుగుతాది!"

టీ తెచ్చిన హులిగెమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కిల్న్ తిరిగింది. వేడి వేడిలో, వేగం వేగంలో పడ్డాయి. సుధీర్ మాత్రం తెర వైపు చూడకుండా ఆయన్నే చూస్తూ, "ఒంట్లో బాగానే ఉందా ప్రసాద్ గారూ?" అన్నాడు.

ఆ నెలాఖరున రమ్యశ్రీ క్యాంటీన్‌లో మైసూర్‌పాక్ పంచింది. రాఘవేంద్రప్రసాద్ గారు ఇంకా కోలుకోలేదు.

"ఎంత మాట అనిపించినావు పాపా నాతో! ఆ పొద్దు కిల్న్ ఆగిపోయింటే?"

"నా చేతలే అని చెప్పేదాన్ని సార్."

"అందుకే గదా భయపడింది" అని ఆయన ముఖం తిప్పుకున్నారు. "పర్మనెంటు అయినావంట. అయిపాయ. ఇంగ బతుకంతా ఈ దుమ్ములోనే" అంటూ, తన మైసూర్‌పాక్‌లో పెద్ద ముక్క తుంచి ఆమె ప్లేటులో పెట్టారు.