పైపు మీది కాలువ

ఎనభైల్లో కరీంనగర్‌లో మా గల్లీకి ఎండాకాలం నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో ఆ వదిలేవాడికే తెలియాలి. పొద్దు తిరిగాక ఎప్పుడో ఒకప్పుడు వచ్చేవి. గల్లీ మొదట్లో ఇల్లు మాది కాబట్టి ముందు మాకే అందేవి. నీళ్లకంటే ముందు గాలి తన్నుకొచ్చి నల్లా గురగురమనేది. ఆ చప్పుడు వినగానే మా అమ్మ, అదే మా అవ్వ, చేతిలో పని వదిలేసి గేటు దగ్గరికి ఉరికేది. "నల్లొచ్చిందమ్మో!" అని ఒక్క కేక వేసిందంటే గల్లీకి గల్లీ బిందెలు పట్టుకుని లేచేది.

"అక్కా, నువ్వు లేకుంటే మా కుండలు ఎండుతయి" అనేది ఎదురింటి ఖాలా. జీతం లేని ఆ కొలువంటే అవ్వకు ఎంత గర్వమో! పుట్టింటికి రమ్మని కబురొచ్చినా "నేనొస్తే నల్ల ఎవరు చూస్తరు?" అని ఎదురడిగేది.

నేను కాలేజీలో మొదటి ఏడు ముగించుకుని సెలవులకు వచ్చిన ఎండాకాలం మా ఇంటి పైపు రెండుసార్లు పగిలింది. గేటు నుంచి నల్లా దాకా గోడ వెంట నేల మీదే పరిచిన నల్లటి ప్లాస్టిక్ పైపు అది. ఎండకు మెత్తబడి ఉంటుంది. నల్లా తెరిచి ఉంటే గాలి, నీళ్లు దారి చూసుకుని పోతాయి. బిగించి ఉంటే వచ్చిన ఊపుకు పైపు చీలుతుంది. గల్లీలో పిల్లలకు కూడా తెలిసిన సంగతే. అయినా ఆ ఏడు అవ్వ నల్లా బిగించి పెట్టేది. గడియకోసారి పోయి తిప్పి చూసి, మళ్లీ బిగించేది.

"నల్ల మూయకే అని ఎన్నిసార్లు చెప్పాలె? చెవిటోని ముంగట శంఖమూదినట్టే ఉన్నది" అని మా నాన్న, బాపు, కసురుకునేవాడు.

"తెరిచిపెడితే జెర్రులు దూరుతయి" అనేది అవ్వ. జెర్రి దూరిన నల్లాను నేనైతే ఇప్పటిదాకా చూడలేదు.

రెండోసారి పగిలిన చోట అతుకు వేసి, ఈసారి బాపే నల్లా తెరిచిపెట్టాడు. ఆ రోజు అవ్వ నల్లాకు వీపు పెట్టి పచ్చడికి మామిడికాయలు కోస్తోంది. నేను గడపలో కూర్చున్నాను. బాపు మంచం మీద పేపరు చదువుతున్నాడు. నల్లా గురగురమంది. అవ్వ తల తిప్పలేదు. నీళ్లు బండ మీద దబదబా పడసాగాయి. అవ్వ ఇంకో కాయ అందుకుంది.

నేను పిలవబోతుంటే బాపు నోటి మీద వేలు పెట్టుకున్నాడు. లేచి, ఊరికే పోతున్నట్టు అవ్వ ముందు నుంచి నల్లా వైపు నడిచాడు. ఆయన్ని చూస్తూ తల తిప్పిన అవ్వకు నీళ్లు కనపడ్డాయి. ఒక్క క్షణం ఆమె ముఖం తెల్లబోయింది. వెంటనే లేచి గేటు దగ్గరికి పోయి ఎప్పటిలాగే కేక వేసింది.

అప్పుడర్థమైంది నాకు. తెరిచిన నల్లా నుంచి నీళ్లు కారిపోతుంటే అవ్వకు వినపడదని గల్లీ అంతటికీ తెలిసిపోతుంది. మూసిపెట్టి గడియకోసారి తిప్పి చూసుకుంటే ఎవరికీ తెలియదు. "దవాఖానకు తీస్కపోదాం బాపూ" అన్నాను చాటుగా.

"పోదాం తియ్. జర ఆమెనే చెప్పనీయ్. ముందుగాల గీ కొలువు పోకుండ చూడాలె" అన్నాడు. ఆ శంఖం సామెత మళ్లీ ఆయన నోట వినలేదు.

మర్నాడు గడ్డపార పట్టుకుని బాపు గోడ వెంట తవ్వడం మొదలుపెట్టాడు. పైపుకు తడి గోనెసంచి చుట్టి, మట్టిలో పూడ్చాడు. ఆ మట్టి మీద నల్లా బండ నుంచి గేటు దాకా చిన్న కాలువ తీశాడు. చెమటకు బనియను ఒంటికి అంటుకుపోయింది. ఖాలా చూసి "ఏం భాయ్, నారు పోస్తున్నవా?" అని నవ్వింది.

"పైపు పలగొద్దంటే మీద మట్టి తడిగుండాలె. నల్ల తెరిచే ఉండాలె" అని ఊరంతా వినేలా చెప్పాడు. తర్వాత అవ్వ పీట తెచ్చి గేటు పక్కన, కాలువ చివర వేశాడు. "గీడ కూసో. నీడున్నది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం అవ్వ అక్కడే బియ్యం చెరుగుతోంది. ఎండకు కాగిన నీళ్లు మట్టి రంగులో పాక్కుంటూ వచ్చి ఆమె కాళ్లను తాకాయి. ఉలిక్కిపడి పాదం వెనక్కి తీసుకుంది. కాలువను చూసింది. దాని వెంటే చూపు నల్లా దాకా పోయింది. అక్కడి నుంచి బాపు మీదికి. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నల్లొచ్చిందమ్మో!"

అంత గట్టి కేక నేను మునుపెన్నడూ వినలేదు.

ఆ ఎండాకాలం పైపు మళ్లీ పగల్లేదు. సెలవులైపోయి నేను బయలుదేరే పొద్దున అవ్వ వంగి, కాలువలో పడ్డ ఆకులు తీస్తోంది. దగ్గరగా పోయి, "ఈ కాలువ పైపు కోసమేనా అవ్వా?" అని కొంచెం గట్టిగా అడిగాను.

అవ్వ ఇంట్లోకి చూసింది. బాపు గడ్డం గీసుకుంటున్నాడు.

"నాకెర్కైందని మీ బాపుకు చెప్పకు బిడ్డా" అంది మెల్లగా. "పాపం, అంత ఎండల తవ్విండు."